నిన్నటి పేజీకి ఇవాళ పని ఉండాలి

టీచర్ గారూ, మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వస్తాను. మల్కాజిగిరిలోని ఒక ప్రైవేటు పాఠశాలలో మీరు నాలుగో తరగతికి చెబుతున్నారు. తరగతిలో దాదాపు నలభై మంది పిల్లలున్నారు. వారిలో కుతూహలం పెరగాలన్న ఉద్దేశంతో బడి తెరిచినప్పటి నుంచి రోజూ ఒక పేజీ రాయిస్తున్నారు. మొదట్లో ఉత్సాహంగా రాసినవాళ్ళే ఇప్పుడు "పొద్దున లేచాను, పళ్ళు తోముకున్నాను, టిఫిన్ తిన్నాను, బడికి వచ్చాను" అని రాసి పుస్తకం మూసేస్తున్నారు. దీన్ని కొనసాగించాలా మానెయ్యాలా, తప్పులు దిద్దాలా వద్దా, తెలుగులో రాయించాలా ఇంగ్లీషులోనా అన్నవి మీ సందేహాలు.

ప్రాథమిక తరగతులకు చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, ఆ తరవాత కొత్త ఉపాధ్యాయుల శిక్షణలోనూ పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: మానెయ్యకండి. అయితే రోజూ రాయించినంత మాత్రాన కుతూహలం పుడుతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. రోజూ రాయడం వల్ల రాసే చెయ్యి తిరుగుతుంది, అంతే. నిన్న రాసినదాన్ని ఇవాళ మళ్ళీ తెరవవలసిన అవసరం పిల్లవాడికి కలిగినప్పుడే ఆ పుస్తకం వాడి ఆలోచనలో భాగమవుతుంది. మీ పిల్లల పేజీలలో లోపించినది భాషా కాదు, శ్రద్ధా కాదు. ఆ పేజీలకు మర్నాడు చెయ్యడానికి పనేమీ లేకపోవడమే అసలు లోపం. పళ్ళు తోముకున్న సంగతి రాశాక దాని గురించి మర్నాడు చూడవలసినది ఏముంటుంది?

కాబట్టి మొదట మార్చవలసినది మీరు వేసే ప్రశ్న. "ఈ రోజు ఏం చేశావు?" అని అడిగితే ఏ పిల్లవాడైనా పెద్దవాళ్ళకు లెక్క అప్పజెప్పినట్టే రాస్తాడు, అందులో వాడి తప్పేమీ లేదు. దాని బదులు ప్రతి పిల్లనీ ఒక వస్తువునో, ఒక చోటునో, ఒక ప్రాణినో ఎంచుకోమనండి. బడి గోడ మీది చీమల బారు కావచ్చు, వీధి చివర తురాయి చెట్టు కావచ్చు, ఇంట్లో తోడుపెట్టే పెరుగు కావచ్చు. కనీసం రెండు వారాలు దాన్నే చూడాలి. రోజూ అడగవలసినది ఒకటే: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఏమీ మారకపోతే ఆ మాటే రాయవచ్చు, దానికి తేదీ వేస్తే చాలు. "ఏమీ మారలేదు" అని వరసగా మూడు రోజులు రాసిన పిల్లలు నాలుగో రోజు మరింత దగ్గరగా చూడడం నేను తరచుగా గమనించాను.

దీనికి ఉదాహరణ కోసం మనం ఎక్కువ దూరం వెళ్ళనక్కరలేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమలను భద్రపరిచి, కొన్ని కొన్నిగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ, చూసినదాన్ని చూసినట్టు రాసుకుంటూ వచ్చాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో రంగు రేణువులున్న విచిత్రమైన కణాలు కనిపించాయి. మర్నాడు మిగిలిన దోమను కోస్తే అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. మొదటి రోజుకు అది ఒక వింత మాత్రమే. రెండో రోజు, ముందు రోజు రాతతో పోల్చి చూసుకున్నాకనే అవి దోమ శరీరంలో పెరుగుతున్న మలేరియా క్రిములన్న నిర్ధారణకు వీలు కలిగింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన పని అదే. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనాన్ని పిల్లలకు చూపించగలిగితే చూపించండి. చూపించినప్పుడు ఆయన ఎంత గొప్పవాడో చెప్పడం కంటే 20వ తేదీకీ 21వ తేదీకీ మధ్య ఏం జరిగిందో చెప్పడం మేలు. నాలుగో తరగతి పిల్లలకు అది తేలిగ్గానే అర్థమవుతుంది.

పిల్లల పుస్తకంలో ఇది ఎలా కనిపిస్తుందో ఒకటి చూపిస్తాను. నా తరగతిలోని ఒక అమ్మాయి వాళ్ళ ఇంటి కిటికీకి బిగించిన కూలర్ మీద పావురం గూడు కట్టడం చూసింది. మొదటి రోజు "మా కూలర్ మీద పావురం పుల్లలు పెట్టింది" అని ఒకే వాక్యం రాసింది. దాని కింద నేను పెన్సిల్‌తో "అన్నీ పుల్లలేనా?" అని మాత్రం రాశాను. మర్నాడు "అన్నీ పుల్లలు కావు. ఒకటి చీపురు ఈనె, ఒకటి కరెంటు వైరు ముక్క" అని వచ్చింది. కొన్నాళ్ళకు "ఇయ్యాల రెండు గుడ్లు. నిన్న ఒక్కటే ఉండె" అని రాసి పక్కన బొమ్మ వేసింది. ఆ తరవాత వరసగా "పావురం కూసున్నది" అన్న వాక్యమే వచ్చింది. ఆమెకు విసుగు పుడుతోందని నాకు అర్థమైంది. అందుకని "రోజూ ఏ టైముకు చూస్తున్నావు?" అని రాశాను. బడి రోజుల్లో పొద్దున్నే, సాయంత్రం చీకటి పడ్డాక చూస్తున్నానని చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం చూసిన రోజున పేజీ నిండిపోయింది: "మధ్యాహ్నం కూసున్నది వేరే పావురం. దీని కాలికి ఒక వేలు లేదు. పొద్దుగాల దానికి అన్ని వేళ్ళు ఉన్నయి. ఇందులో అమ్మ ఏది?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. పావురాల్లో గుడ్లను ఆడదీ మగదీ రెండూ పొదుగుతాయి. సాధారణంగా పగటి వేళ మగది, సాయంత్రం నుంచి మర్నాటి పొద్దుటి దాకా ఆడది కూర్చుంటాయి. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఆమె ఆ జవాబును రాసుకుని, పావురాన్ని చూడడం ఆపేసేది. "వేలు లేనిది ఎన్నింటికి వస్తోంది, ఎన్నింటికి పోతోంది?" అని అడిగాను. సెలవు రోజుల్లో ఆమె, మిగతా రోజుల్లో వాళ్ళ నానమ్మ కాపలా కాసి గోడ గడియారం చూసి చెప్పిన వేళలతో ఒక పట్టిక తయారైంది. గుడ్లలోంచి పావురం పిల్లలు బయటికి వచ్చాక తన పేజీల తేదీలను తానే లెక్కపెట్టుకుని, రెండో గుడ్డు కనిపించిన నాటి నుంచి పద్దెనిమిది రోజులు పట్టిందని రాసింది. పుస్తకాల్లో ఉండే లెక్క కూడా దాదాపు అదే. తన లెక్క పుస్తకంలో దొరికినప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా వెలిగి ఉంటుందో మీరు ఊహించగలరు. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: గూటిని కిటికీ అద్దం వెనక నుంచే చూడాలి. పావురాల రెట్టలను ముట్టుకోవడం, ఆ ధూళి పీల్చడం ఊపిరితిత్తులకు మంచివి కావు.

తరగతి అంతా కలిసి చేసే పని ఒకటి ఉంటే, సొంతంగా ఏదీ ఎంచుకోలేని పిల్లలకు ఊతం దొరుకుతుంది. అందుకు నాకు అన్నిటికంటే నచ్చినది నీడ కొలవడం. ఒక మీటరు కర్రను ఆవరణలో నిట్టనిలువుగా పాతి, మధ్యాహ్నం దాని నీడ ఎంత పొడవుందో, ఎటువైపు పడిందో రాయించండి. మన రాష్ట్రంలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడే రోజులు మీకు చేతికి అందుతాయి. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మే 9 ప్రాంతంలో సరిగ్గా మన నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి జరిగి, ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ నడినెత్తి మీదుగా వెనక్కి వస్తాడు. జూన్ 21న మీటరు కర్ర నీడ దక్షిణం వైపు పది పదకొండు సెంటీమీటర్లు ఉంటుంది. జూలై అంతా తగ్గుతూ వచ్చి, ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కనిపించకుండా పోయి, ఆ తరవాత ఉత్తరం వైపు మొలుస్తుంది. డిసెంబరు 22 నాటికి సుమారు 86 సెంటీమీటర్లు అవుతుంది. ఇవేవీ పిల్లలకు ముందుగా చెప్పకండి. జూలై చివర "ఇది ఇలాగే తగ్గితే ఏమవుతుంది?" అని మాత్రం అడిగి, ఎవరి ఊహ వారి పుస్తకంలో తేదీతో సహా రాయించి ఊరుకోండి.

మబ్బులతో కొన్ని రోజులు పోతాయి. పోయిన రోజున "మబ్బు" అని రాస్తే సరిపోతుంది. ఖాళీని కొలతతో నింపకూడదన్నది కూడా పిల్లలు ఈ వయసులోనే నేర్చుకోగలరు. కొలిచే వేళ విషయంలో జాగ్రత్త అవసరం. గడియారంలో 12 గంటలకు కాకుండా ఆ నెలల్లో సుమారు 12:20కి మన ఊళ్ళో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది. దేశమంతటికీ ఒకే సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. మనం దానికి దాదాపు నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాల తేడా అక్కడే వస్తుంది. ఏడాదిలో వేళను బట్టి మరికొన్ని నిమిషాలు కలుస్తాయి, తగ్గుతాయి. చాలా బడుల్లో అది భోజనం గంటకు దగ్గరగా ఉండే వేళ కావడం మన అదృష్టం. "పన్నెండింటికి కదా సూర్యుడు నెత్తి మీద ఉండాలి, మరి ఆలస్యంగా ఎందుకు వస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే ఆ ఏటికి మీ శ్రమ ఫలించినట్టే. అడగకపోతే ఊరకే ఉండండి.

పేజీలను మళ్ళీ తెరిపించడానికి చాలా సులువైన పద్ధతి ఒకటుంది. మైకేల్ ఫారడే తన ప్రయోగాల దినచర్యలో ప్రతి పేరాకూ వరస సంఖ్య వేసేవాడు. 1832లో మొదలైన ఆ సంఖ్యలు 1860 నాటికి 16 వేలు దాటాయి. పాత సంగతితో సంబంధమున్నప్పుడు ఆ సంఖ్యను చూపితే సరిపోయేది. బడి చదువు పెద్దగా లేని, బుక్ బైండింగ్ పని నేర్చుకున్న కుర్రవాడు అంత పెద్ద శాస్త్రవేత్త కావడంలో ఈ క్రమానికి చాలా పాత్ర ఉందని నా నమ్మకం. మీ పిల్లల చేత కూడా ప్రతి రాతకూ అంకె వేయించండి. "23. ఇవాళ చీమలు 14లో రాసిన కన్నంలోంచి రావడం లేదు" అన్న వాక్యం ఎనిమిదేళ్ళ పిల్లవాడు రాస్తే, వాడు వెనక్కి తిరిగి చదువుతున్నాడని మీకు వేరే రుజువు అక్కరలేదు.

ఇక దిద్దడం సంగతి. ఈ పుస్తకంలో ఎర్ర పెన్ను వాడకండి. ఒత్తులు, దీర్ఘాలు, ల-ళ, శ-ష-స తేడాలు నేర్పడానికి మీకు ఉక్తలేఖనం ఉంది, చూచిరాత ఉంది, తెలుగు నోటు పుస్తకం ఉంది. ఎక్కువ మంది చేస్తున్న తప్పులను ఇక్కడి నుంచి గుర్తుపెట్టుకుని అక్కడ నేర్పండి. ఇక్కడ దిద్దితే పిల్లలు తమకు రాయడం వచ్చిన మాటలతో చెప్పగలిగిన సంగతులే చూడడం మొదలుపెడతారు. "చాలా బాగుంది", నక్షత్రం గుర్తు, టిక్కు కూడా నా లెక్కలో దిద్దుబాటు కిందికే వస్తాయి, ఎందుకంటే అవి కనిపించగానే ఆ పేజీతో పని అయిపోయిందని పిల్లలకు తెలిసిపోతుంది. వాటికి బదులు మర్నాడు ఏదో ఒకటి చూసి రావలసిన ప్రశ్న ఒకటి పెన్సిల్‌తో రాయండి. నలభై పుస్తకాలు రోజూ చదవడం ఎవరివల్లా కాదు, ప్రయత్నించకండి కూడా. రోజుకు ఏడెనిమిది తీసుకుంటే వారంలో అందరివీ వస్తాయి. మిగతా రోజుల్లో పక్కవాడి పుస్తకం చదివి ఒక ప్రశ్న రాసే పని పిల్లలకే ఇవ్వండి. కొంటె ప్రశ్నలు రాస్తారు, కొన్ని మీ ప్రశ్నల కంటే పదునుగా కూడా ఉంటాయి.

రాత ఇంటి పనిగా ఇవ్వకండి. ఇంటికి పంపితే అమ్మో అన్నో చెబుతుంటే పిల్లలు రాస్తారు, ఆ వాక్యాలు చదవగానే మీకు తెలిసిపోతుంది. చూడడం ఇంటి దగ్గర, రాయడం తరగతిలో అన్న నియమం పెట్టుకుని, పరిసరాల విజ్ఞానం పీరియడ్ నుంచో, భోజనం తరవాత హాజరు వేళ నుంచో పది నిమిషాలు కేటాయించండి. పుస్తకం ఒక వైపు రూళ్ళు, ఒక వైపు తెల్ల కాగితం ఉన్నదైతే బొమ్మలకు వీలు. రబ్బరు ఇవ్వవద్దు, తప్పనుకున్నదాన్ని ఒక గీతతో కొట్టేసి కింద రాస్తే, ముందు ఏమనుకున్నారో కూడా నిలిచి ఉంటుంది.

ఫోను గురించి అడగలేదు కానీ చెప్పక తప్పదు. పిల్లల ప్రశ్న పుస్తకంలో పడకముందే ఇంట్లో ఎవరో ఫోనులో వెతికి జవాబు వినిపిస్తున్నారు. దాన్ని మనం ఆపలేం. "ముందు నీ ఊహ రాయి, తరవాత ఎవరినైనా అడుగు, వాళ్ళు చెప్పినది వేరుగా రాయి" అన్న వరసను మాత్రం పట్టుదలగా పాటించండి. నేను చూసింది, నేను అనుకుంటున్నది, నాకు ఎవరో చెప్పింది అన్న మూడింటినీ విడదీసి రాయగలిగిన పిల్లలకు పై తరగతుల్లో సైన్సు చెప్పడం ఎంత తేలికో హైస్కూలు ఉపాధ్యాయులను అడిగితే చెబుతారు. ఒకసారి మా తరగతిలో వార్తాపత్రిక నుంచి ఉస్మాన్‌సాగర్ నీటిమట్టం రోజూ రాసుకుంటున్న ఒక అబ్బాయి, నిండు మట్టం 1790 అడుగులన్నది చదివి "అంత లోతులో చేపలకు వెలుతురు ఎలా?" అని రాశాడు. అది లోతు కాదని, సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తని వాడికి తెలియడానికి వారం పట్టింది. అదే పత్రికలో హిమాయత్‌సాగర్ నిండు మట్టం 1763.5 అడుగులని చూసి, పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల లోతులు ఇంత దగ్గరగా ఎలా ఉంటాయన్న అనుమానం వాడికే వచ్చింది. ఫోను ఆ జవాబును ఒక్క క్షణంలో చెప్పేది. అయితే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం వాడికి ఉండేది కాదు.

మీ యాజమాన్యం ఈ పుస్తకాలను తల్లిదండ్రుల సమావేశంలో ప్రదర్శించాలని అడుగుతుంది. ఒప్పుకోవచ్చు, కానీ అందంగా తిరగరాయించడానికి, స్కెచ్ పెన్నులతో అంచులు దిద్దించడానికి ఒప్పుకోకండి. ఒకే పిల్లవాడి జూన్ పేజీని, సెప్టెంబరు పేజీని పక్కపక్కన తెరిచి పెట్టండి. మొదటి దాంట్లో లేని కొలతలు, వేళలు, ప్రశ్న గుర్తులు రెండో దాంట్లో కనిపిస్తే అమ్మానాన్నలకు మీరు వేరే వివరించనక్కరలేదు. దీనికి మార్కులు గానీ, ఉత్తమ పుస్తకం బహుమతి గానీ పెట్టవద్దు. పెట్టిన వారంలోనే పిల్లలంతా బహుమతి వచ్చిన పుస్తకంలా రాయడం మొదలుపెడతారు.

రోజూ రాసే పుస్తకంలో ఎప్పుడో ఒకప్పుడు ఇంటి సంగతులు కూడా వస్తాయి. తాగి వచ్చిన నాన్న, కట్టని అద్దె, కొట్టిన చెయ్యి ఆ పేజీల్లోకి దిగుతాయి. అటువంటి పేజీని తరగతిలో చదివించకూడదు, స్టాఫ్ రూములో మాట్లాడుకోకూడదు. పిల్లను విడిగా పిలిచి మాట్లాడండి. హింస జరుగుతున్నట్టు అనిపిస్తే ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, అవసరమైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైనుకు ఫోను చేయండి. పక్కవాళ్ళ పుస్తకాలు చదివే ఏర్పాటు ఉన్న తరగతిలో "ఇది టీచర్‌కు మాత్రమే" అని పేజీ మడత పెట్టుకునే హక్కును మొదటి రోజే ఇవ్వడం అవసరం.

చివరగా భాష. మీది ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంగ్లీషులో రాయించమని పైనుంచి ఒత్తిడి ఉంటుందని రాశారు. నాలుగో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో రాయడం వచ్చినవి గుప్పెడు వాక్యాలు. ఆ వాక్యాలకు సరిపోయే సంగతులే వాళ్ళ కంటికి ఆనతాయి. "పళ్ళు తోముకున్నాను" దగ్గర ఆగిపోవడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చు. ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలో రాయనివ్వండి. మన ఊరి తరగతిలో ఆ భాష కొందరికి తెలుగు, కొందరికి ఉర్దూ, కొందరికి మరాఠీ, హిందీ కావచ్చు. "కూసున్నది", "ఉండె" అన్న మాటలను పుస్తకపు తెలుగులోకి మార్చకండి. లిపి రాని పిల్లలు బొమ్మ గీసి మీకు నోటితో చెబితే మీరు రాసిపెట్టండి. ఇంగ్లీషు కావాలని యాజమాన్యం పట్టుబడితే వారానికి ఒకసారి, శనివారం, ఆ వారపు రాతల్లో తమకు నచ్చిన ఒక్కదాన్ని ఇంగ్లీషులో చెప్పించండి. చెప్పడానికి తమదైన సంగతి చేతిలో ఉంటుంది కాబట్టి ఆ ఒక్క రోజు మాటల కోసం వాళ్ళే మీ చుట్టూ తిరుగుతారు.